పక్కింటాయన బండి

వెనక వసారా, ఎండ మెట్ల దాకా వచ్చింది. అన్నయ్య ఊళ్ళో సైకిలు క్లబ్బుకి కెప్టెన్, ఆ సంగతి మెడలో వేలాడే ఈల చూస్తేనే తెలిసిపోతుంది. చెల్లెలు బతుకంతా బట్టలు కుట్టిన మనిషి. అన్నయ్య ఈ గడప తొక్కి చాలా కాలమైంది. పలకరింపులు అయిపోయాయి, అంటే ఎవరూ ఎవర్నీ పలకరించలేదు.

"...నాకు కాదని ముందే చెప్తున్నానా? మా పక్కింటాయన కోసం."

"ఏ పక్కింటాయన?"

"మా పక్కింటాయన. నీకు తెలీదులే."

"మీకు కుడివైపు ఇల్లు ఖాళీ. ఎడమవైపున్నది పళ్ళ డాక్టరమ్మ. ఏ పక్క నించి ఊడిపడ్డాడు ఈయన?"

"వెనక... వెనక వీధి. వెనకవాళ్ళు పక్కింటివాళ్ళు కారా ఏంటి? పాపం, మోకాళ్ళు అరిగిపోయాయి. కీళ్ళవాతం. రెండు చక్రాల బండి మీదికి కాలు తిప్పి ఎక్కలేడు. మూడు చక్రాల కరెంటు సైకిలు నువ్వు అమ్ముతున్నావని రొట్టెల కొట్టు దగ్గర కాగితం చూశాడట. 'కెప్టెన్ గారూ, మీ చెల్లెలుగారే కదా, కాస్త చూసి రండి' అన్నాడు."

"కాళ్ళు లేవు సరే, నోరు కూడా లేదా ఆయనకి? ఫోన్ చెయ్యొచ్చుగా."

"మొహమాటస్తుడు."

"నీతో స్నేహం చేసేవాడు మొహమాటస్తుడా! సరే, నీ సైకిలేదీ?"

"ఏ సైకిలు?"

"నీ సైకిలు. వీధి చివర పాల ప్యాకెట్టుకి కూడా సైకిలు మీదే వెళ్ళే మనిషివి కదా."

"గొలుసు తెగింది. రిపేరుకిచ్చా. నడిచొచ్చా."

"సందు మొదట్లో టాక్సీ దిగడం చూశాను. దిగడానికి డ్రైవరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది."

"కిటికీలో కూర్చుని దారిన పోయేవాళ్ళని కాపు కాయడమేనా నీ పని? దాహమేస్తోంది, కాసిని మంచినీళ్ళివ్వు."

"బల్ల మీద సీసా ఉంది. మూత తీసుకుని తాగు."

"ఇన్నాళ్ళకి ఇంటికొస్తే నీళ్ళు కూడా చేతికివ్వవు. బాగుంది మర్యాద."

"నన్ను చూడ్డానికొస్తే ఇచ్చేదాన్ని. బండి చూడ్డానికొచ్చావు, బండి చూసుకో. అదిగో, గోడ వార. మీద గుడ్డ నువ్వే తియ్యి."

"అన్నీ నేనే తియ్యాలి... ఓహో! ఇదా! ఇదేం సైకిలే తల్లీ, కూరగాయల బండిలా ఉంది. వెనక ఇంత బుట్టా! మనిషి పడుకోవచ్చు ఇందులో."

"పక్కింటాయన పడుకుంటాడా?"

"దీని మీద నలుగురికీ కనిపించేకంటే మంచం మీద పడుకోవడమే గౌరవం. బావ ఎలా తిరిగేవాడో గానీ, నాకైతే తల కొట్టేసినట్టుంటుంది. ముందు రేకుకి ఈ నొక్కు ఎక్కడిది?"

"గోడ."

"ఏ గోడ?"

"గోడలన్నీ ఒకటే. నచ్చకపోతే పోనీ, నేనేం నిన్ను బొట్టు పెట్టి పిలవలేదు."

"కోపమెందుకు? కొనేవాడు నాలుగూ అడుగుతాడు. బ్యాటరీ ఎలా ఉంది? ముసలిదైపోయిందా?"

"నీకంటే నయం. కొండ కిందదాకా వెళ్ళి వచ్చినా ఇంకా మిగులుతుంది. మోటారు నీ బదులు తొక్కదు, నువ్వు తొక్కుతుంటే సాయం పడుతుంది. వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. మనుషులైతే మధ్యలో చెయ్యి తీసేస్తారు, ఇది తియ్యదు."

"ఏదో ఎత్తిపొడుస్తున్నట్టున్నావు."

"తగిలిందా? అయితే సంతోషం. ఆయన ముందు కొన్నది ఈ బండి కాదు. పాత సైకిలుకే మోటారు బిగించుకున్నారు, గుర్తుందా?"

"ఉంది."

"ఏం గుర్తుంది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నువ్వు మర్చిపోతే నేను చెప్తాను. క్లబ్బు గదిలో, అందరి ముందూ, బల్ల మీద చెయ్యి వేసి లేచి, ఈల ఊది మరీ..."

"ఈల ఊదలేదు."

"ఊదావు. 'కీళ్ళవాతం అనేది బద్ధకానికి డాక్టర్లు పెట్టిన పేరు' అన్నావు. 'మోటారు కావలసినవాడు మనిషి కాడు, సామాను. సామానుకి మన క్లబ్బులో చోటు లేదు' అన్నావు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఇంటికొచ్చి, నేను కుట్టిన క్లబ్బు చొక్కా విప్పి, మడతపెట్టి బీరువాలో పెట్టేశారు. మళ్ళీ తియ్యలేదు."

"అది నియమం. మా బావ కదా అని ఆయనకొకటీ, మిగతావాళ్ళకొకటీ ఉంటుందా?"

"నియమం రాసిందెవరు?"

"క్లబ్బు."

"క్లబ్బులో పెన్ను ఎవరి జేబులో ఉంటుంది?"

"నువ్వు బేరం చెయ్యనిస్తావా, పంచాయితీ పెడతావా?"

"బేరానికేముంది. ఎక్కి చూడు."

"నేనెందుకెక్కడం?"

"చూసి రమ్మన్నాడుగా ఆ మొహమాటస్తుడు. చూడ్డమంటే చుట్టూ తిరిగి వంకలు పెట్టడమా? పెరట్లో ఒక చుట్టు తిప్పు. తాళం మేకుకి ఉంది."

"తీసివ్వు."

"చెయ్యి చాపితే నీకే అందుతుంది."

"సరే, సరే... ఇదిగో... అబ్బా... అమ్మా..."

"మోకాలా?"

"చెప్పు జారింది."

"కాలు తిప్పక్కర్లేదు. మధ్యలో కమ్మీ కిందికి ఉంది చూడు. అడుగేసినట్టు వేసి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చో."

"నాకు నేర్పుతావా! ఈ ఊళ్ళో సగం మంది నేను నేర్పితే తొక్కినవాళ్ళే. నీ ఒక్కదానికే రాలేదు, బాలెన్సు లేక."

"బాలెన్సు లేక కాదు. వెనక సీటు పట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా వదిలేసి, పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు కనక. నేను ముళ్ళకంపలోంచి లేచేసరికే 'దీనికి రాదు' అని తీర్పు కూడా చెప్పేశావు. కూర్చున్నావా? కదిలేటప్పుడు తొక్కలేకపోతే బొటనవేలి దగ్గర మీట ఉంటుంది, మెల్లగా నొక్కు. మలుపులో ఒంగకు."

"ఏంటీ?"

"ఒంగకు. సైకిలు మీద ఒంగినట్టు ఒంగితే ఇది మాట వినదు. నిటారుగా కూర్చుని హ్యాండిల్ మాత్రం తిప్పు."

"సైకిలు గురించి నువ్వు నాకు చెప్పే రోజు... ఏయ్! ఏయ్! ఇదెటు పోతోంది! తిరగదేం ఇది! చిట్టీ!"

"ఒంగకు!"

"ఒంగట్లేదు!"

"ఒంగుతున్నావు! బ్రేకు! బ్రేకు నొక్కు!"

"అయ్యో... అయ్యయ్యో..."

"రెండు కుండీలు పోయాయి. నువ్వున్నావా?"

"ఉన్నాను. ముందు చక్రంలో లోపముంది. గోడకేసి లాగుతోంది."

"చేతులు రెండూ నిక్షేపంలా ఉన్నాయిగా, బ్రేకు నొక్కడానికేం రోగం?"

"కంగారు పడ్డాను. చక్రంలో లోపముందంటుంటే..."

"లోపం చక్రంలో లేదు. జన్మలో సైకిలెక్కనివాళ్ళకి ఇది ఒక్క పూటలో వస్తుంది. తొక్కీ తొక్కీ పండిపోయినవాళ్ళే గోడకి గుద్దుతారు. పడకుండా ఒంగడం మీ ఒంట్లోకి ఎక్కిపోయింది. ఇది పడే బండే కాదు, ఇక దీని మీద ఒంగి ఏం చేస్తావు? కెప్టెన్ గారు మొదటి మలుపులోనే కుండీల్లో దిగారు."

"నవ్వకు."

"నవ్వలేదు. దగ్గొచ్చింది."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"ఆయన చెప్పేవారు."

"ఆగాగు. బావ తలుపుకి తల తగిలేంత పొడుగు. సీటు ఇంత కిందికెందుకుంది? అద్దంలో నా పొట్ట కనిపిస్తోంది. టైర్లకి కొత్త మట్టి. బుట్టలో ఉల్లిపాయ పొట్టు. ఎవరు తొక్కుతున్నారు దీన్ని?"

"నేను."

"నువ్వా?"

"నేనే. ఆయన పోయాక ఒక రోజు దుమ్ము దులుపుదామని ఎక్కి కూర్చున్నాను. దిగబుద్ధి కాలేదు. సాయంత్రానికి బజారుకెళ్ళి ఉల్లిపాయలు తెచ్చుకున్నాను, బాలెన్సు లేనిదాన్ని. ఆ తరవాత రైలు గేటు దాటి, పాత మిల్లు దాటి, ఎక్కడెక్కడికో వెళ్ళాను. కుర్రాళ్ళు వెనక నించి ఈలలు వేస్తే గంట కొట్టి పోయేదాన్ని. బతుకంతా మిషను పెడలు తొక్కిన కాళ్ళివి, నీ కాళ్ళలా షోకు కాళ్ళు కావు. అన్నయ్యా, ఇంత వయసొచ్చాక మొదటిసారి నేను బతికానని అనిపించింది, తెలుసా?"

"మరి అంత ఇష్టపడి తొక్కేదానివి, అమ్మడమెందుకు?"

"విసుగొచ్చింది."

"ఇప్పుడేగా బతికానన్నావు. విసుగేంటి?"

"విసుగే. బండి నాది, విసుగూ నాదే. అది కూడా కనుక్కురమ్మన్నాడా పక్కింటాయన?"

"లేదులే. ఎంతకిస్తావు?"

"మనిషిని బట్టి."

"అంటే?"

"అబద్ధాలు చెప్పేవాడికి ఎంతకీ ఇవ్వను. ఎవరికిది?"

"చెప్పానుగా..."

"మళ్ళీ చెప్పు. నా మొహం చూసి."

"పక్కింటి... వెనకింటి..."

"వదిన ఫోన్ చేసింది. మేడ మెట్లెక్కలేక కింద సోఫాలో పడుకుంటున్నావట. సాక్సు ఆవిడే తొడుగుతోందట. ఎక్స్‌రే చూసి డాక్టరు మోకాళ్ళలో గుజ్జు లేదంటే, 'సైకిలు తొక్కడం రానివాడికి ఎముకల గురించేం తెలుసు' అని ఆయన మీద ఎగిరావట."

"ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు."

"ఎవరికిది?"

"అంత గట్టిగా అడగాలా? గోడ అవతల మనుషులుంటారు."

"ఎవరికి?"

"నాకే! చాలా? నాకే. నాకు కావాలి. మోకాళ్ళు పోయాయి. మెట్టు దిగితే నక్షత్రాలు కనిపిస్తున్నాయి. సంతోషమా?"

"కొట్టులో కొత్తది కొనుక్కోవచ్చుగా. నీకేం తక్కువ?"

"బండ్ల కొట్టువాడు మా మెంబరు. సాయంత్రానికి ఊరంతా టాంటాం. క్లబ్బుకి తెలియకూడదు. వచ్చే ఆదివారం కొండ సవారీ. ఏటా ముందుండేది నేను. ఈసారీ నేనే ఉండాలి."

"ఈ బుట్ట వేసుకుని, ఎవరికీ తెలియకుండా, ముందుంటావా?"

"వెనక దారి ఉంది. అందరికంటే ముందే బయల్దేరి, బండిని పైన నీళ్ళ ట్యాంకు చాటున పెట్టేసి, వాళ్ళొచ్చేసరికి రాయి మీద నిలబడి వాచీ చూస్తూ ఉంటా. 'ఏంటయ్యా, ఇంత ఆలస్యం' అంటా."

"నీ సైకిలేదని అడిగితే?"

"అక్కడిదాకా ఆలోచించలేదు."

"దిగేటప్పుడు అందరితో కలిసి ఎలా దిగుతావు?"

"అదీ ఆలోచించలేదు."

"ఛీ. ఇంత బుర్ర పెట్టి చివరికి చేసేది ఇదా? మోకాళ్ళలోనే అనుకున్నా, పైన కూడా గుజ్జు అయిపోయినట్టుంది."

"అను. నీకేం, అంటావు. నేను తొక్కలేనని తెలిసిన మర్నాడు నన్నెవరు కెప్టెన్ అంటారు? ఆదివారం లేకపోతే మిగతా వారమంతా నాకెందుకే? నాకు భయంగా ఉంది, చిట్టీ."

"ఆయనకీ ఉండేది."

"ఏంటి?"

"ఆదివారమంటే భయం. నువ్వు వెళ్ళగొట్టాక ఏం చేసేవారో తెలుసా? మీరంతా బయల్దేరి బాగా దూరం పోయాక, ఆ మోటారు బిగించిన సైకిలు మీద వెనకాలే వచ్చేవారు. మీరాగితే చెట్టు చాటున ఆగేవారు. మీ నవ్వులు వినపడేంత దూరంలో. కొండెక్కేవారు కాదు, కింది మలుపులో నిలబడి చూసి వెనక్కి వచ్చేసేవారు. వచ్చి నాకు చెప్పేవారు, 'మీ అన్నయ్య ఇవాళ కూడా అందరికంటే ముందున్నాడే' అని. మురిసిపోతూ చెప్పేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది."

"నాకు తెలీదు."

"వెనక్కి తిరిగి చూస్తే తెలిసేది. నువ్వు ముందుండేవాడివి కదా."

"చిట్టీ... నేనన్న మాట తప్పే. ఇప్పుడంటున్నా, తప్పే."

"నాతో చెప్పకు. నాతో చెప్పడం తేలిక. అదే క్లబ్బు గదిలో, అదే బల్ల మీద చెయ్యి వేసి, అందరి ముందూ చెప్పు. మోటారు కావలసినవాడు కూడా మనిషేననీ, నాకూ కావాలనీ చెప్పు. అదీ ఈ బండి ధర. ఒప్పుకుంటే తాళం నీ దగ్గరే ఉంది, తీసుకుపో."

"నవ్వుతారు."

"నవ్వుతారు. ఆయన్ని చూసి నవ్వినంతే నవ్వుతారు."

"సరే."

"ఏం సరే?"

"చెప్తాను. ఆదివారం పొద్దున్న, బయల్దేరేముందు. ఈ బండి మీదే వెళ్ళి, ఈ బుట్టతోనే వెళ్ళి చెప్తాను. చాలా?"

"చాలు."

"కాకపోతే ఈ చొక్కాతో వెళ్ళలేను. కుండీ తగిలి చంక దగ్గర చిరిగింది చూడు. నువ్వు కుట్టిన క్లబ్బు చొక్కాయే. రెండు కుట్లు వెయ్యి."

"వెయ్యను."

"అన్నీ ఒప్పుకున్నానుగా. రెండు కుట్లేగా."

"మిషను మూసేశాను."

"చూశాలే, గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టావు. చేత్తో వెయ్యి. సూదీ దారం ఆ డబ్బాలోనే కదా ఎప్పుడూ?"

"దర్జీ కొట్టుకి పో."

"దర్జీ చెల్లెల్ని పెట్టుకుని దర్జీ కొట్టుకా! ఇంత కక్షా నీకు? నీళ్ళు చేతికివ్వవు, తాళం తీసివ్వవు, పడితే చెయ్యి అందించవు, కుండీలు కూడా నా చేతే ఎత్తించేట్టున్నావు. ఇదిగో సూది, దారం కూడా ఎక్కించి ఇస్తున్నా. పట్టుకో. పట్టుకోమంటున్నానా? ఈ ఎండలో ఆ శాలువా ఏంటి, అందులో చేతులు దాచుకుని మహారాణిలా కూర్చోవడమేంటి? ఇలా తే చెయ్యి. తే... చిట్టీ?"

"వదులు."

"ఇదేంటే? వేళ్ళేంటి ఇలా అయిపోయాయి?"

"వదలమంటున్నానా? నొప్పి."

"ఎప్పటినించి?"

"మిషను ఊరికే మూసేశాననుకున్నావా? నీకు మోకాళ్ళకొచ్చింది, నాకు వేళ్ళకొచ్చింది. అమ్మకి రెండూ ఉండేవి, మనకి చెరొకటీ పంచిపెట్టి పోయింది."

"ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగితే చెప్పేదాన్ని. ఎవరడిగారు?"

"సూది కూడా పట్టుకోలేవా?"

"సూది పెద్ద మాట. సీసా మూత తియ్యలేను. తాళం తిప్పలేను, పక్క వీధి అమ్మాయి వచ్చి తిప్పిపోతుంది. వేళ్ళు కనపడకుండా ఈ శాలువా."

"అందుకా అమ్మేది?"

"మరెందుకనుకున్నావు? కాళ్ళు బాగున్నాయి, ఎంత దూరమైనా తొక్కుతాను. తొక్కుతుంటే మోటారు దానంతటదే అందుకుంటుంది. కానీ ఆపొద్దూ? మొన్న బడి దగ్గర, పిల్లలు బయటికొచ్చే వేళ, బ్రేకు నొక్కుతున్నాను, నొక్కుతున్నాను, వేళ్ళు ముడుచుకోవు. ఒక చిన్నపిల్ల సంచీ ఊపుకుంటూ ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది. పక్కనున్న గోడకి తిప్పేశాను. గోడ ఉంది కనక సరిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చి, మర్నాడు రొట్టెల కొట్టాయన చేత ఆ కాగితం రాయించాను. నీకు చేతులున్నాయి, ఆపుకోగలవు. తీసుకుపో అన్నయ్యా. తొందరగా తీసుకుపో, దాన్ని చూస్తూ కూర్చోలేను."

"పానా ఉందా?"

"ఏంటి?"

"పానా. బావ సామాన్ల పెట్టె ఎక్కడ?"

"మిషను కింద. పానా ఎందుకు?"

"చిన్నపిల్లల సైకిళ్ళు చూడలేదూ? పెడలు వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. చేతులతో పనే లేదు. దీనికీ అలా మార్చొచ్చు. కావలసిన సామాను మా ఇంట్లో ఉంది, ఇవాళ ఇది విప్పి చూసుకుంటా. మార్చేదాకా రోడ్డెక్కకు."

"వెనక్కి తొక్కాలంటే మోకాళ్ళుండాలి. అలా మారిస్తే నీకు పనికిరాదు."

"రాదు."

"నాకు పనికొస్తే నేను అమ్మను."

"అమ్మకు. ఆ గిన్నెలో కాస్త నూనె పొయ్యవూ, నట్టు బిగుసుకుపోయి ఉంటుంది... పోనీలే, నేనే చూసుకుంటా, నువ్వు కూర్చో."

"క్లబ్బులో చెప్తానన్న మాట?"

"చెప్తా. టాక్సీ దిగి, డ్రైవరు చెయ్యి పట్టుకుని నడిచెళ్ళి చెప్తా. నీ బండి మా వాళ్ళతో కలిసి కొండెక్కడానికి కూడా అక్కడే ఒప్పిస్తా."

"అన్నయ్యా, ఇటు చూడు. ఆదివారం లేకపోతే వారమెందుకన్నావు. బండి నాకే కావాలన్నావుగా ఇందాక?"

"నాకా? నాకెందుకే ఇది? మొదట్నించీ చెప్తున్నానుగా, మా పక్కింటాయన కోసమని. ఆయనకిక అక్కర్లేదట."